జాడీలో దాచిన రోజు

రండర్రా, దగ్గరగా జరిగి కూర్చోండి. ఇంకా దగ్గరగా. ముద్ద నోట్లో ఉండగా మాట్లాడకూడదు, మధ్యలో లేవకూడదు, ఊఁ కొట్టడం మానకూడదు. మా అమ్మమ్మ నాకీ కథ చెప్పేటప్పుడు నేను ఊఁ కొట్టడం ఆపితే కథా ఆపేసేది, ముద్దా ఆపేసేది. ఆవిడ పెంచిన దాన్ని, నేను మాత్రం ఊరుకుంటానా?

అనగనగా, జంతువులు మనుషులతో మాట్లాడడానికి ఇంకా విసుగుపడని రోజుల్లో, గంధపురమని ఒక రాజ్యం. ఆ రాజ్యానికి వసుమల్లుడని ఒక రాజు. ఆయనకు కనకాంగి అని ఒక రాణి. వాళ్ళకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయమల్లుడు, నడిమివాడు విజయమల్లుడు, ఆఖరివాడు చిన్నమల్లుడు. పేర్లు గుర్తుపెట్టుకోవడం కష్టమేం కాదు. మల్లుడూ అంటే ముగ్గురూ పలికేవాళ్ళు.

ఆ రాణికి వంటవాళ్ళు బోలెడుమంది. అయినా ఒక్క పని మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. ఎండాకాలం వస్తే ఆవకాయ తనే కలిపేది. పెద్ద రాతిచిప్పలో మామిడిముక్కలు, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె వేసి, మోచేతుల దాకా ఎర్రగా చేసుకుని కలిపేది. జాడీలకెత్తేశాక చిప్పకు అంటుకుని కాస్త గుజ్జు మిగులుతుంది కదా, అందులో పొగలుకక్కే అన్నం గుమ్మరించేది. "రండర్రా, ముద్దలకి రండి!" అని కేకేసేది. ఆ కేక వింటే కాపలావాళ్ళు ఈటెలు గోడకానించి వచ్చేవాళ్ళు. గుర్రాలవాళ్ళు చేతులు కడుక్కుని వచ్చేవాళ్ళు. మంత్రిగారు తలపాగా తీసి చంకలో పెట్టుకుని వచ్చేవాడు. ఎవరొచ్చినా అరచేతిలో ఒక ముద్ద. రాజనీ లేదు, బంటనీ లేదు. అది ఆ ఇంటి ఆనవాయితీ.

అందరికీ పెట్టాక చూస్తే చిప్పలో ఏమీ ఉండేది కాదు. రాణి తన వేళ్ళకు అంటింది నాక్కుని, పెద్ద విందు తిన్నదానిలా పకపకా నవ్వేది. రాజు ఏటా అదే మాట అడిగేవాడు.

"నీకేమీ మిగల్లేదుగా కనకాంగీ, ఎందుకా నవ్వు?"

రాణి ఏటా అదే మాట చెప్పేది. "ఒక్కసారి మీరు పెట్టి చూడండి, తెలుస్తుంది."

రాజు పెట్టలేదు. రాజులు ముద్దలు పెట్టడమేమిటి అనుకున్నాడు పాపం. ఆ కబురూ ఈ కబురూ చెప్పి తప్పించుకునేవాడు.

ఒక ఏడాది అలాగే ముద్దలు పెడుతోంది రాణి. చిన్నమల్లుడికి కారం ముక్కుకెక్కి కళ్ళనీళ్ళు కారుతున్నాయి, అయినా ఇంకో ముద్దకు చెయ్యి చాస్తున్నాడు. పెద్దవాళ్ళిద్దరూ వాణ్ణి చూసి నవ్వుతున్నారు. రాజు తన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆహా, ఎంత బాగుంది ఈ పూట అనుకున్నాడు. అలా అనుకున్నాడో లేదో గుండెలో ఒక గుబులు పుట్టింది. పిల్లలు పెద్దవాళ్ళయిపోతారే, రాణి ముసలిదైపోతుందే, ఈ పూట మళ్ళీ రాదే! నోట్లో ముద్ద ఉండగానే దిగులుపడడం మొదలుపెట్టాడు. ఇప్పుడు మీలో నవ్వుతున్నవాళ్ళు కూడా ఏదో ఒకరోజు ఇదే పని చేస్తారు, చూస్తూ ఉండండి.

ఆ దిగులు వాసన పట్టాడు ధూమకంఠుడనే మాంత్రికుడు. ఏడు సముద్రాల అవతల ఉండేవాడు. పొగలా వచ్చి రాజు చెవి దగ్గర నిలబడ్డాడు.

"మహారాజా, ఈ పూటను నాకివ్వు. తరగకుండా, పాడవకుండా జాడీలో పెట్టి దాస్తాను. కావలసినప్పుడు వచ్చి తీసుకో."

"నిజంగా పాడవదా?"

"నా చేత్తో మూత పెట్టింది ఏదీ పాడవదు."

రాజు సరేనన్నాడు. రాణి అప్పుడే ఆవకాయ పెద్దదాంట్లోకి మార్చేసిన చిన్న జాడీ ఒకటి పక్కనుంటే అదే చేతికిచ్చాడు. మాంత్రికుడు ఆ జాడీలోకి రాజుగారి సంతోషమంతా వంపేసి, మూత పెట్టి, పైన గుడ్డతో వాసెన కట్టి, ఎలా వచ్చాడో అలా పోయాడు. రాజు నోట్లో ముద్ద అప్పుడే చప్పబడిపోయింది.

ఆనాటినుంచి రాజుకు ఏదీ రుచించలేదు. పాట పాట కాదు, ఆట ఆట కాదు. రాణి ఏటా ముద్ద చేతిలో పెడితే గడ్డి నమిలినట్టు నమిలేవాడు. ఆవిడ ఆయన మొహంలోకి చూసి, ఏమైంది మీకు అని అడిగి అడిగి, కొన్నేళ్ళకు జబ్బు చేసి కన్ను మూసింది. అప్పుడు రాజుకు ఏడుపు కూడా రాలేదర్రా. అందరూ గుండెలు బాదుకుంటుంటే ఆయన ఎండిన కళ్ళతో కూర్చున్నాడు. ఇక్కడికొచ్చేసరికి మా అమ్మమ్మ గొంతు తగ్గేది. నాకూ తగ్గుతోంది.

రాణి పోయాక ఆవకాయ వంటవాళ్ళే కలిపారు. ముద్దలకు పిలిచినవాళ్ళు లేరు. రాతిచిప్ప గోడవార బోర్లా పడి ఉంది. రాజు తిండి తగ్గిస్తూ తగ్గిస్తూ చివరికి మంచం పట్టాడు. వైద్యుడు నాడి చూసి, "ఒంట్లో రోగం లేదు. బతకాలని లేదు. మామిడికాయలు మళ్ళీ వచ్చేలోగా నోటికి రుచి తెలియకపోతే ఆయన మనకు దక్కరు" అన్నాడు. అప్పుడు రాజు కొడుకులను పిలిచి జాడీ సంగతి బయటపెట్టాడు.

"అది తెచ్చిపెట్టండి నాయనా. అందులో మీ అమ్మ నవ్వుంది."

పెద్దవాడు జయమల్లుడు పెద్ద ఓడ కట్టించుకుని, పెట్టెనిండా అరిసెలు వేసుకుని బయలుదేరాడు. ఒడ్డున ఒక తాబేలు, ఒక కాకి, ఒక ఉడుత కూర్చుని ఉన్నాయి. "ఆకలేస్తోంది బాబూ, మాకూ ఓ ముక్క" అన్నాయి. "నాకే చాలవు" అని పెట్టె మూసేశాడు. పోయాడు, తిరిగి రాలేదు. నడిమివాడు విజయమల్లుడు ఇంకో ఓడ కట్టించుకుని, పెట్టెనిండా సున్నుండలు వేసుకుని బయలుదేరాడు. అదే ఒడ్డు, అవే మూడు. అదే మాట, అదే జవాబు. పోయాడు, వాడూ తిరిగి రాలేదు.

ఇక చిన్నమల్లుడు మిగిలాడు. ఓడలు కూడా అయిపోయాయి. వాడు ఒక మూటలో పులిహోర, నాలుగు పండుమిరపకాయలు కట్టుకుని ఒడ్డుకు వచ్చాడు. ఆకలేసి మూట విప్పగానే, అలవాటు చొప్పున, వాళ్ళమ్మ పిలిచినట్టే పిలిచాడు. "రండర్రా, ముద్దలకి రండి!"

తాబేలు వచ్చింది, కాకి వచ్చింది, ఉడుత వచ్చింది. తలా ఒక ముద్ద తిన్నాయి. కాకి మూతి తుడుచుకుని, "ఎక్కడికయ్యా ప్రయాణం?" అంది. చెప్పాడు. "అయితే మేమూ వస్తాం" అన్నాయి మూడూ. చిన్నమల్లుడు తాబేలు వీపుమీద, ఉడుత చిన్నమల్లుడి భుజం మీద, కాకి పైన ఆకాశంలో. ఉప్పు సముద్రం దాటారు. చెరకురసం సముద్రం దాటారు. కల్లు సముద్రం ముక్కు మూసుకుని దాటారు. నేతి సముద్రం, పెరుగు సముద్రం, పాల సముద్రం దాటారు. పెరుగు సముద్రంలో మాత్రం తాబేలు కొంచెం ఆలస్యం చేసిందట, ఎందుకో మీకే తెలియాలి. మంచినీళ్ళ సముద్రం కూడా దాటాక మూతల దీవి కనిపించింది.

మూతల దీవిలో ఎక్కడ చూసినా జాడీలే. చాలా జాడీల పక్కన ఒక్కో మనిషి కదలకుండా కూర్చుని కాపలా కాస్తున్నాడు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడడంలేదు. జయమల్లుడు అక్కడే ఉన్నాడు. విజయమల్లుడూ అక్కడే ఉన్నాడు.

"అన్నయ్యా! నేను, చిన్నమల్లుణ్ణి!"

"నెమ్మదిగా మాట్లాడు. జాడీ కదులుతుంది" అన్నాడు పెద్దవాడు. తమ్ముడివైపు తిరిగి కూడా చూడలేదు. దీవి కనబడగానే వాళ్ళకు కలిగిన ఆనందాన్ని కూడా మాంత్రికుడు అడిగి తీసుకున్నాడన్నమాట.

ఆ జాడీల మధ్య ఒక అమ్మాయి పాత గుడ్డలు విప్పి కొత్త వాసెనలు కడుతోంది. పేరు చెంగల్వ. దీవి మొత్తం మీద మనుషులను చూసి నవ్వేది ఆ అమ్మాయి ఒక్కతే.

"నువ్వే జాడీ వెతుక్కుంటూ వచ్చావు?" అంది.

"మా నాన్నగారిది. నువ్వు దేనికి కాపలా?"

"నేను కాపలా కాదు, సరుకుని! మా నాన్న కూడా ఒక రాజే. సంతోషం దాచిపెడతానని ఈ మాంత్రికుడు అడిగితే సరేనన్నాడు. తీరా చూస్తే మా నాన్న సంతోషం నేనే. నన్నే ఎత్తుకొచ్చాడు. జాడీలో పట్టలేదు కనుక పనిలో పెట్టాడు." అలా చెప్పి గొంతు తగ్గించింది. "ఇంకో మాట. ఈ జాడీలు ఏటేటా తేలికవుతున్నాయి. దులిపేది నేనే కదా, నాకు తెలుసు. ఆ మాంత్రికుడికి చెబితే నమ్మడు."

చిన్నమల్లుడు జాడీలవంక చూశాడు. "అయితే మా నాన్నగారిది కూడా..."

"త్వరపడితే మంచిది. అయితే ఆ మాంత్రికుడి ప్రాణం ఎక్కడుందో తెలిస్తే తప్ప ఈ మూతలు ఊడవు. అదెక్కడుందో నాకూ తెలియదు" అంది చెంగల్వ.

చిన్నమల్లుడు తిన్నగా మాంత్రికుడి దగ్గరకు వెళ్ళి దండం పెట్టాడు.

"అయ్యా, నా దగ్గరా బోలెడంత సంతోషం ఉంది. మీకే ఇద్దామని వచ్చాను. కానీ మీ చేతిలో ఏదీ పాడవదని నమ్మకమేమిటి?"

ధూమకంఠుడికి పౌరుషం వచ్చింది. "నమ్మకమా? నా ప్రాణాన్నే తీసి దాచుకున్నవాణ్ణిరా! ఎన్ని వందల ఏళ్ళయిందో! చిన్న గీత పడలేదు!"

"ప్రాణాన్నే! ఎక్కడ దాచారు?"

"చెబుతాననుకున్నావా?" అన్నాడు. అంటూనే ఓరకంట దీవి చివరనున్న తాటిచెట్టు వైపు చూశాడు.

"పోనీలెండి, చెప్పకండి. దొంగలెవరూ పోలేని చోటేనా?"

"ఎవరూ పోలేరు!" మళ్ళీ తాటిచెట్టు వైపు చూశాడు.

"గాలివాన వస్తే?"

"గాలివానా!" ఈసారి తల తిప్పే చూశాడు. అంతేనర్రా. మీరు బెల్లంముక్క దాచిన చోటికి మీ కళ్ళు పోవూ? నేను పట్టుకోవడంలేదూ? అలాగే పట్టుకున్నాడు చిన్నమల్లుడు.

కాకి ఎగిరి వెళ్ళి చూసొచ్చింది. "తాటిచెట్టు మొవ్వులో బంగారు పంజరం, అందులో ఒక చిలక." చిన్నమల్లుడు నడుముకు తాడు చుట్టుకుని చెట్టెక్కాడు. ఉడుత ఊచల సందున దూరి లోపలి గడియ తీసింది. తలుపు తెరుచుకుంది. చిలక మాత్రం బయటకు రాలేదు.

"రానంటే రాను. బయట ఏమైనా అవుతుంది" అంది. పాపం, దాచి దాచి ఎగరడమే మరిచిపోయింది.

మామూలుగా కథల్లో ఇక్కడ చిలక మెడ నులిమేస్తారు. మా అమ్మమ్మ కూడా మొదటిసారి అలాగే చెప్పింది. చిలకేం చేసిందని నేను ముద్ద ఊసేసి రాగం తీసి ఏడ్చాను. అప్పటికప్పుడు ఆవిడ ఆ చిలకను బతికించింది. అప్పటినుంచి మా ఇంట్లో ఈ కథలో చిలక చావదు. మీరూ చంపకండి.

చిన్నమల్లుడు మూటలోంచి ఎర్రటి పండుమిరపకాయ తీసి చూపించాడు. చిలక మెడ చాచింది. ఒక కాలు బయట పెట్టింది. ముక్కుతో ఒక్క కొరుకు కొరికింది.

అక్కడ అరుగుమీద కూర్చున్న ధూమకంఠుడు ఎగిరి గంతేశాడు. "హా! హా! మంట! నాలుక మంట! నీళ్ళు!" వందల ఏళ్ళుగా ఏ రుచీ ఎరగని నోరు కదా! చిలక మిరపకాయ నమిలినకొద్దీ మాంత్రికుడు దీవంతా చిందులు తొక్కాడు. జాడీల పక్కనున్నవాళ్ళు మొదటిసారి తలలు తిప్పి చూశారు. చెంగల్వ అయితే పొట్ట పట్టుకుని నవ్వింది.

మాంత్రికుడు పరుగెత్తుకొచ్చి చెట్టుకింద చేతులు జోడించాడు. "బాబ్బాబూ, చంపకు!"

"మా అమ్మ వాకిట్లో వాలిన చిలకకు జామపండు పెట్టడమే చూశాను, మెడ నులమడం చూడలేదు" అని చిన్నమల్లుడు చిలకను రెండు చేతులతో గాలిలోకి వదిలాడు. చిలక అటూ ఇటూ పడుతూ లేస్తూ ఎగిరి, వచ్చి మాంత్రికుడి నెత్తిమీదే వాలింది. ప్రాణం ఇంటికొచ్చింది. మరుక్షణం వాడి జుట్టు నెరిసింది, నడుం వంగింది, ఒక మామూలు ముసలాయన అయిపోయాడు.

"ఇక నువ్వు కూడా మాలాగే ఒకరోజు పోతావు తాతా" అన్నాడు చిన్నమల్లుడు.

ముసలాయన పొట్ట తడుముకున్నాడు. "పోతే పోతాను. ఈలోగా ఎవరైనా కాస్త అన్నం పెడతారా?"

అప్పుడే వాసెనలు ఊడి, మూతలన్నీ వాటంతటవే వదులయ్యాయి. అందరూ ఆత్రంగా మూతలు తీశారు. ఏ జాడీలోనూ ఏమీ లేదు. కూర్చుని కూర్చుని కాపలా కాసింది ఖాళీ జాడీలకని తెలిసి కొందరు ఏడ్చారు, కొందరు సిగ్గుపడ్డారు. జయమల్లుడు, విజయమల్లుడు తమ్ముణ్ణి గట్టిగా కౌగలించుకున్నారు. చెంగల్వ వెతికి తెచ్చిన రాజుగారి జాడీలో చిన్నమల్లుడు తొంగి చూశాడు. అదీ ఖాళీయే. అడుగునా గోడలకూ ఎండిపోయిన ఆవకాయ ఎర్రన అంటుకుని ఉంది, అంతే. వాసన చూస్తే వాళ్ళమ్మ చెయ్యి గుర్తొచ్చింది. వాడు ఆ జాడీని గుండెకు హత్తుకుని అందరితో కలిసి అన్నల ఓడెక్కాడు. నాన్నగారికి ఏం చెప్పాలి?

ముసలి మాంత్రికుడికి పోవడానికి ఇంకో చోటు లేదు, వెంట వచ్చాడు. ఇల్లు చేరేసరికి మామిడికాయలు రానే వచ్చాయి. రాజు మంచంలో ఎముకలగూడై ఉన్నాడు. జాడీ అందుకుని లోపలికి చూశాడు. "ఖాళీ" అన్నాడు. అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

చిన్నమల్లుడికి ఏడుపు ముంచుకొచ్చింది. ఏం చెయ్యాలో తోచలేదు. ఏమీ తోచనప్పుడు మనిషి చిన్నప్పుడు చూసిందే చేస్తాడు. వాడు వంటింట్లోంచి వేడివేడి అన్నం తెప్పించాడు. జాడీలో నూనె పోసి, గోడలకు అంటింది గీకి గీకి, బోర్లించిన రాతిచిప్పను తిరగేసి అందులో వంపాడు. అన్నం గుమ్మరించాడు. వాకిట్లోకి వచ్చి గొంతెత్తి, "రండర్రా, ముద్దలకి రండి!" అని కేకేశాడు.

ఆ కేక విని ఎన్నాళ్ళయింది! కాపలావాళ్ళు వచ్చారు, గుర్రాలవాళ్ళు వచ్చారు. మంత్రిగారు ముసలివాడైపోయాడు, అయినా తలపాగా చంకలో పెట్టుకుని వచ్చాడు. కాకి, ఉడుత, తాబేలు వచ్చాయి. చిన్నమల్లుడు తండ్రిని ఎత్తుకొచ్చి చిప్ప ముందు కూర్చోబెట్టాడు.

"నాన్నగారూ, పెట్టడానికి అమ్మ లేదు. మీరు పెట్టాలి."

"నాకు చేతకాదురా."

"అమ్మ ఏటా అడిగేది కదా, ఒక్కసారి పెట్టి చూడండని."

రాజు చిప్పలోకి చూశాడు. చెయ్యి పెట్టి కలిపాడు. మొదటి ముద్ద ఒక గుర్రాలవాడి కూతురికి పెట్టాడు. అది నోట్లో పెట్టుకుని, కళ్ళనీళ్ళు కారుతుంటే, "కారం!" అని అరిచి మళ్ళీ చెయ్యి చాపింది. రాజు పెదవి చివర కొంచెం కదిలింది. ఇంకొకరికి పెట్టాడు, ఇంకొకరికి పెట్టాడు. అంత చిన్న జాడీలో గీకింది అంతమందికి ఎలా సరిపోయిందని అడక్కండి. నేనూ మా అమ్మమ్మను అడిగాను. "తిన్నవాళ్ళెవరూ అడగలేదే!" అంది.

చివరికి చిప్పలో ఒక్క ముద్ద మిగిలింది. అది తనకనుకున్నాడు రాజు. ఇన్నేళ్ళ తర్వాత ఆయనకు ఆకలి వేసింది. ముద్ద నోటిదాకా తెచ్చాడు. అప్పుడు చూశాడు, వరసలో అందరికంటే వెనక, చెయ్యి చాపడానికి మొహం చెల్లక తలవంచుకుని నిలబడ్డాడు ముసలి ధూమకంఠుడు. నెత్తిమీద చిలక. రాజుకు వాణ్ణి గుర్తుపట్టడానికి క్షణం పట్టలేదు. తన రోజును పట్టుకుపోయినవాడు, ఆనాటినుంచి తనను ఎండబెట్టినవాడు. రాజు చెయ్యి గాలిలో ఆగిపోయింది.

"ఆకలేస్తోందా?" అన్నాడు రాజు.

"అవును" అన్నాడు వాడు.

రాజు ఆ ముద్ద వాడి చేతిలో పెట్టేశాడు.

చిప్ప ఖాళీ. తనకేమీ మిగల్లేదు. అలవాటు లేని పని కదా, చెయ్యంతా ఎర్రగా అయింది. ఆ చేతివంక చూసుకుని, వేళ్ళకు అంటింది నోట్లో పెట్టుకున్నాడు. పెట్టుకుని పకపకా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చాడు. రాణి పోయిననాడు రాని ఏడుపంతా అప్పుడు వచ్చింది.

"ఇదా కనకాంగీ!" అన్నాడు. "ప్రతి ఏడూ నువ్వు తిన్నది ఇదా!"

అందరికీ కళ్ళు తడయ్యాయి. కారం వల్లేనని మంత్రిగారు బుకాయించాడు.

ఆ తర్వాత రాజు చాలా ఏళ్ళు బతికాడు. చెంగల్వను వాళ్ళ నాన్న దగ్గరకు తీసుకెళ్ళి అడిగితే, ఆయన ఆనందంగా చిన్నమల్లుడికి ఇచ్చి పెళ్ళి చేశాడు. ఈసారి మాత్రం ఎవరికీ దాచమని ఇవ్వలేదు. వాళ్ళిద్దరూ గంధపురాన్ని తలలు నెరిసేదాకా ఏలారు. ఎండాకాలం వస్తే చిన్నమల్లుడు అన్నం వండేవాడు, చెంగల్వ కలిపేది, రాజుగారు ముద్దలు పెట్టేవాడు. ముసలి ధూమకంఠుడు ముక్కలు కొట్టేవాడు. ఆ రాతిచిప్పను మాత్రం మళ్ళీ ఎవరూ బోర్లించలేదు.

కథ అయిపోయింది, గిన్నె ఖాళీ అయింది. లేవండి, వెళ్ళి చేతులు కడుక్కోండి. నేనా? నేను తర్వాత కడుక్కుంటాను. మా అమ్మమ్మ కూడా కథ అయ్యాక అలాగే ఒక్కతీ కాసేపు కూర్చునేది, గిన్నె ఒళ్ళో పెట్టుకుని. ఎందుకో అప్పుడు అడగాలనిపించలేదు. వెళ్ళండర్రా, నా వేళ్ళకు ఇంకా కాస్త అంటి ఉంది.